వార్డెన్ పెట్టిన సంతకం

రావులపాలెం అరటి మార్కెట్‌లో తెల్లారేసరికి గెలలు బారులు తీరి ఉంటాయి. చుట్టుపక్కల లంకల నుంచి సైకిళ్ళకు కట్టుకుని తెచ్చినవి కొన్ని, ఆటోల్లో వచ్చినవి కొన్ని. కర్పూర చక్కెరకేళి ఒక వరస, బొంత ఒక వరస, అమృతపాణి ఇంకో వరస. కొనే మనిషి గెల ముందు గొంతుక్కూర్చుంటాడు. ఎన్ని అత్తాలున్నాయో లెక్కపెడతాడు. కింది అత్తంలో కాయ ఊరిందో లేదో వేలితో నొక్కి చూస్తాడు. అటు తిప్పి, ఇటు తిప్పి, మచ్చ కోసం వెతుకుతాడు. పది రూపాయల తేడా దగ్గర పావుగంట నిలబడతాడు. నచ్చకపోతే లేచి పక్క గెల దగ్గరికి వెళ్ళిపోతాడు. దానికి ఎవరూ ఏమీ అనుకోరు.

అదే మనిషి భార్యకు ఆపరేషన్ అంటే ఆసుపత్రి వరండాలో నిలబడి ఉంటాడు. నర్సు నాలుగు పేజీల కాగితం తెచ్చి చేతిలో పెడుతుంది.

"ఇక్కడ ఒకటి, ఇక్కడ ఒకటి, ఆఖర్న ఒకటి. సంతకాలు పెట్టండి బాబాయ్‌గారూ."

"ఏం రాసుందండీ ఇందులో?"

"మామూలేనండీ, అందరూ పెట్టేదే. డాక్టరుగారు లోపలికి వెళ్ళిపోయారు, కాస్త తొందరగా కానివ్వండి."

"ఆయ్" అని, కాగితం గోడకు ఆనించి మూడు సంతకాలూ పెట్టేస్తాడు. ఆ కాగితానికి వరండాలో కూర్చున్న వాళ్ళందరికీ తెలిసిన అర్థం ఒకటే: జరగరానిది జరిగితే మాకు సంబంధం లేదని ఆసుపత్రివాళ్ళు రాయించుకుంటారు. అరటి గెలను తిప్పి చూసే హక్కు తనకుందని ఆ మనిషికి చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ కాగితాన్ని తిప్పి చూసే హక్కు కూడా తనకుందని ఎవరూ చెప్పలేదు. పైగా అది తన సంతకంతో చెల్లే కాగితం కాదనీ, లోపల మంచం మీద స్పృహలో ఉన్న భార్య సంతకం కావాలనీ అసలు చెప్పలేదు.

చట్టం దృష్టిలో ఆ కాగితం రోగిది. 2008 జనవరిలో సుప్రీంకోర్టు ఒక కేసులో దీన్ని తేల్చి చెప్పింది. ఢిల్లీలో 44 ఏళ్ళ స్త్రీ అధిక రక్తస్రావంతో ఆసుపత్రికి వెళ్ళింది. పొట్టలోకి గొట్టం పంపి చూసే పరీక్షకు ఒప్పుకుంది. ఆమె మత్తులో ఉండగా డాక్టరు సహాయకురాలు బయటికొచ్చి ఆమె తల్లి దగ్గర సంతకం తీసుకుంది, డాక్టరు గర్భసంచీ అండాశయాలూ తొలగించింది. వైద్యం ప్రకారం అది సరైన చికిత్సే కావచ్చునని కోర్టు కాదనలేదు. ప్రాణం మీదికి రానప్పుడు, మేజరైన మనిషి శరీరం గురించి ఆ మనిషే చెప్పాలి, తల్లి చెప్పినా చెల్లదు అంది. పరీక్షకు ఇచ్చిన సమ్మతి ఆపరేషన్‌కు ఇచ్చినట్టు కాదనీ అంది. చికిత్స ఏమిటి, దాని వల్ల లాభమేమిటి, ప్రమాదమేమిటి, వేరే దారి ఉందా, ఏమీ చేయించుకోకపోతే ఏమవుతుంది అన్న సంగతులు తెలిశాక ఇచ్చిందే అసలైన సమ్మతి అని నిర్వచించింది.

మేజర్ల సంగతి అది. పదేళ్ళ పిల్లకు, తల్లిదండ్రులు పక్కన లేని హాస్టల్లో, ప్రభుత్వ ఉద్యోగులు వచ్చి సూది వేస్తామంటే, ఆ సమ్మతి ఎవరిది? ఈ ప్రశ్నకు జవాబు కోసం రావులపాలెం వంతెన మీద నుంచి గోదారికి ఎదురీదుకుంటూ పైకి వెళ్ళాలి.

జొన్నాడకూ రావులపాలేనికీ మధ్య పారే గౌతమి నీళ్ళు ధవళేశ్వరం దాటి వచ్చినవి, అంతకుముందు పాపికొండల మధ్య నుంచి వచ్చినవి, ఆ పైన భద్రాచలం రేవును తాకి వచ్చినవి. డెల్టా జనానికి భద్రాచలం పరాయి ఊరు కాదు. శ్రీరామనవమి కల్యాణానికి గోటితో ఒలిచిన తలంబ్రాలు తూర్పు గోదావరి ఊళ్ళ నుంచే వెళతాయి. 1959 దాకా భద్రాచలం తాలూకా తూర్పు గోదావరి జిల్లాలోనే ఉండేది, తర్వాత ఖమ్మంలో కలిసింది. 2014 విభజనప్పుడు కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం మండలాలు మళ్ళీ తూర్పు గోదావరికి వచ్చాయి. గీతలు ఎటు జరిగినా అక్కడి కొండరెడ్లూ కోయవాళ్ళూ ఉన్నచోటే ఉన్నారు. వాళ్ళ పిల్లలు చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, ప్రభుత్వ వసతిగృహాల్లో ఉండి చదువుకుంటారు. పండక్కో జాతరకో ఇంటికెళతారు.

2009 జులై 9న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో ఒక టీకా కార్యక్రమం మొదలైంది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. మూడు డోసులు, ఆరు నెలల వ్యవధిలో. సుమారు 14 వేలమంది పిల్లలు. గుజరాత్‌లోని వడోదర జిల్లాలోనూ ఇలాంటిదే జరిగింది. దీన్ని నడిపింది అమెరికాలోని సియాటిల్ కేంద్రంగా పనిచేసే పాత్ అనే స్వచ్ఛంద సంస్థ. భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, భాగస్వామి. రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది చేతుల మీదుగా పని జరిగింది. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. టీకాలు కంపెనీలు ఉచితంగా ఇచ్చాయి, ఖమ్మానికి మెర్క్ వారి గార్డాసిల్, వడోదరకు గ్లాక్సో వారి సర్వారిక్స్.

ముందు ఆ టీకా గురించి నిజం చెప్పుకోవాలి, ఎందుకంటే తర్వాత జరిగిన గొడవలో ఆ నిజం మరుగున పడిపోయింది.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ దాదాపు ఎప్పుడూ ఒక వైరస్ వల్లే వస్తుంది. హ్యూమన్ పాపిలోమా వైరస్ దాని పేరు, పొట్టిగా హెచ్‌పీవీ. ఈ సంబంధాన్ని పట్టుకున్న జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ త్సుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. వైరస్‌లో రకాలు వందకు పైగా ఉన్నాయి. వాటిలో 16, 18 నంబర్ల రకాలే నూటికి 70 క్యాన్సర్లకు మూలం. మన దేశంలో ఏటా 1,20,000 మందికి పైగా స్త్రీలలో ఈ జబ్బు కొత్తగా బయటపడుతోంది, 75 వేలమందికి పైగా చనిపోతున్నారు. చనిపోయేవాళ్ళలో ఎక్కువమంది ఆసుపత్రికి వచ్చేసరికే ముదిరిపోయినవాళ్ళు, అంటే పల్లెల్లోని పేదవాళ్ళు.

టీకా తయారీ జీవసాంకేతిక శాస్త్రం చేసిన అందమైన పనుల్లో ఒకటి. వైరస్ పై తొడుగు ఎల్‌1 అనే ప్రోటీన్‌తో అల్లి ఉంటుంది. ఆ ఒక్క ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువును తీసి, రొట్టె పిండిని పొంగించే ఈస్ట్ కణంలో పెడతారు. ఈస్ట్ ఆ ప్రోటీన్‌ను కుప్పలుగా తయారుచేస్తుంది. ఆ ముక్కలు తమంతట తామే ఒకదానికొకటి అతుక్కుని వైరస్ ఆకారంలో గుండ్రటి గుల్లలవుతాయి. గుల్ల లోపల ఏమీ ఉండదు, జబ్బు తెచ్చే జన్యుపదార్థం లేనే లేదు. ఒంట్లోని రక్షణ కణాలు ఆ ఖాళీ గుల్లను చూసి శత్రువని గుర్తుపెట్టుకుంటాయి. నిజం వైరస్ వచ్చిన రోజున దాన్ని గడప దగ్గరే ఆపేస్తాయి. ఈ ఈస్ట్ విద్య తెలుగువాళ్ళకు కొత్త కాదు. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన హైదరాబాద్ కంపెనీ శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశంలో మొట్టమొదటి జన్యుసాంకేతిక హెపటైటిస్ బి టీకాను తెచ్చింది కూడా ఈస్ట్ కణాలతోనే. దిగుమతి టీకా ధరలో చిన్న భాగానికే అది జనానికి అందింది.

కాబట్టి భద్రాచలంలో పిల్లలకు వేసింది మంచి టీకాయే. తప్పు సీసాలో లేదు. కాగితంలో ఉంది.

2010 మార్చిలో ఢిల్లీలోని సమ అనే మహిళా ఆరోగ్య సంస్థ కార్యకర్తలు భద్రాచలం వచ్చి హాస్టళ్ళలో పిల్లలతో, సిబ్బందితో, తల్లిదండ్రులతో మాట్లాడారు. అప్పటికే టీకా వేయించుకున్న పిల్లల్లో కొందరు చనిపోయారన్న వార్త బయటికొచ్చింది. ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం కార్యక్రమాన్ని నిలిపేసి, విచారణ సంఘాన్ని వేసింది. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయినట్టు తేలింది. పాము కాటు, నీళ్ళలో మునక, పురుగుమందు, మలేరియా వంటివి కారణాలుగా నమోదయ్యాయి. మరణాలకూ టీకాకూ సంబంధం ఉన్నట్టు కనిపించడం లేదని విచారణ సంఘం చెప్పింది. ఏజెన్సీ పిల్లలు ఎలాంటి కారణాలతో చనిపోతున్నారో ఆ జాబితా చూస్తే కడుపు తరుక్కుపోతుంది, అది వేరే అధ్యాయం రాయాల్సిన సంగతి. కానీ అదే సంఘం, పిల్లల తరఫున సమ్మతి తీసుకున్న తీరులో లోపాలున్నాయని కూడా రాసింది.

అసలు లెక్క 2013లో బయటపడింది. ఆ ఏడాది ఆగస్టు 30న పార్లమెంటరీ ఆరోగ్య స్థాయీ సంఘం తన 72వ నివేదికను సభ ముందు పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించి 9,543 సమ్మతి పత్రాల వివరం అందులో ఉంది. వాటిలో 1,948 పత్రాల మీద వేలిముద్రలు. 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు.

ఆ రెండో అంకె దగ్గర కాసేపు ఆగాలి. ఒక వార్డెన్ బల్ల దగ్గర కూర్చున్నాడనుకుందాం. ముందు ఫారాల కట్ట ఉంది. రేపు పొద్దున్నే ఆరోగ్య సిబ్బంది వస్తారు, పిల్లలను వరసలో నిలబెట్టాలి, పైనుంచి ఆదేశం. ఒక్కో ఫారం తీస్తాడు, పిల్ల పేరు, తరగతి, కింద తన సంతకం. తర్వాతది. మళ్ళీ తర్వాతది. ఆయన దుర్మార్గుడు కాకపోవచ్చు. పిల్లలకు మంచి జరుగుతుందనే నమ్మి ఉండవచ్చు. రోజూ అన్నం పెట్టించేదీ, జ్వరం వస్తే ఆసుపత్రికి తీసుకెళ్ళేదీ ఆయనే. కానీ అన్నం పెట్టించే బాధ్యత వేరు, శరీరం మీద నిర్ణయం చేసే అధికారం వేరు. 18 ఏళ్ళు నిండని పిల్ల తరఫున మాట్లాడవలసింది తల్లీ తండ్రీ, వాళ్ళు లేకపోతే చట్టం గుర్తించిన సంరక్షకుడు. తండ్రి పొలంలో, తల్లి ఆకు ఏరుతూ ఎక్కడో ఇరవై కిలోమీటర్ల దూరాన అడవి ఊళ్ళో ఉన్నారు. కబురు పంపితే రెండు రోజుల్లో వచ్చేవాళ్ళు. ఆ రెండు రోజులు ఎవరికీ దొరకలేదు.

వేలిముద్ర సంగతి ఇంకోటి. వేలిముద్ర వేయడం తప్పు కాదు, చదువు రానివాళ్ళ మాటకూ విలువ ఉంది. అయితే చదవలేని మనిషి దగ్గర సమ్మతి తీసుకునేటప్పుడు, పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఒకరు మొదటి నుంచి చివరిదాకా పక్కనే ఉండి, అన్నీ వివరించారని సంతకం చేయాలని నిబంధన. ఎందుకంటే ముద్ర అంటే వేలు తగిలిందన్న రుజువు, విన్నదన్న రుజువు కాదు. పరిశీలించిన పత్రాల్లో సాక్షుల సంతకాలు లేనివి కూడా కనిపించాయి. పైగా ఆ ప్రాంతంలో ఎన్నో ఇళ్ళలో మాట్లాడేది కోయ భాష. ఫారంలోని పుస్తకాల తెలుగు డిగ్రీ చదివినవాళ్ళకే సరిగా తలకెక్కదు, ఆ తల్లికి ఎవరు ఏ మాటల్లో చెప్పాలి?

కాగితాల మీదా కార్డుల మీదా జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ గుర్తు వాడటాన్ని పార్లమెంటరీ సంఘం తప్పుపట్టింది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. పోలియో చుక్కలు వేసే చేతులే వచ్చి, అదే గుర్తున్న కార్డు ఇస్తే, ఊళ్ళోవాళ్ళకు అది సర్కారు టీకాయే. సర్కారు టీకాను ఎవరు కాదంటారు? "వద్దు" అనే వీలు లేనిచోట "సరే" అన్నదానికి బరువుండదు.

ఇక్కడొక చట్టపరమైన చిక్కుముడి ఉంది. పాత్ సంస్థ తమది క్లినికల్ ట్రయల్ కాదంది. టీకాకు దేశంలో 2008లోనే అనుమతి వచ్చింది, పల్లెల్లో ప్రభుత్వ వ్యవస్థ ద్వారా ఎలా వేయవచ్చో చూడటానికి చేసిన ప్రదర్శన ప్రాజెక్టు ఇది, నిబంధనలు పాటించాం, మరణాలకూ టీకాకూ సంబంధం లేదు అని వాదించింది. మనుషుల మీద ఒక మందు ఫలితాలను క్రమపద్ధతిలో నమోదు చేస్తున్నప్పుడు పేరేదైనా అది ప్రయోగమే అని పార్లమెంటరీ సంఘం అంది. అంతటితో ఆగలేదు, జాతీయ టీకా కార్యక్రమంలోకి ఈ టీకాలను చేర్పించి కంపెనీలకు మార్కెట్ కల్పించడమే అసలు ఉద్దేశమని కూడా కటువుగా రాసింది. ఉద్దేశాల గురించి ఆ తీర్పు వాదనకు నిలబడుతుందా అన్నది చర్చించవచ్చు. పేరు గొడవ మాత్రం మాటల గారడీ కాదు. ట్రయల్ అంటే ఔషధ నియంత్రణ సంస్థ కన్ను ఉంటుంది, ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, ప్రతి అనారోగ్యాన్నీ గడువులోగా నివేదించాలి, హాని జరిగితే నష్టపరిహారం ఇవ్వాలి. ప్రదర్శన అంటే ఇవన్నీ వదులవుతాయి. పేరు మారితే పిల్లకున్న రక్షణ మారిపోతుంది. ఖమ్మంలో అనారోగ్యాలను గమనించే ఏర్పాటు బలహీనంగా ఉందని సంఘం ప్రత్యేకంగా ఎత్తిచూపింది.

విషయం సుప్రీంకోర్టుకూ చేరింది. అక్కడ తేలాల్సిన మొదటి ప్రశ్న విచిత్రమైనది: పార్లమెంటరీ సంఘం నివేదికను కోర్టులో సాక్ష్యంగా చూపవచ్చా? సభ హక్కులకు భంగం కాదా? కల్పనా మెహతా కేసుగా పేరుపడ్డ ఈ వివాదంలో ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం 2018 మే 9న తీర్పిచ్చింది. నివేదికను కోర్టు చూడవచ్చు, ఆధారంగా తీసుకోవచ్చు, కానీ దాని మంచిచెడ్డలను కోర్టులో సవాలు చేయడానికి వీల్లేదు అంది. అంటే సూది పడిన తొమ్మిదేళ్ళకు, ఆ కాగితాల కథను కోర్టు చదవవచ్చా అన్న ప్రశ్న తేలింది. పదేళ్ళ పిల్ల ఈలోగా పెళ్ళీడుకు వచ్చేసింది.

ఇలాంటి కథలు భద్రాచలంతో మొదలవలేదు. అమెరికాలోని అలబామాలో, టస్కీగీ ఊరున్న మేకన్ కౌంటీ అనే పత్తి ప్రాంతంలో 1932 నుంచి 1972 దాకా, సిఫిలిస్ ఉన్న 399 మంది నల్లజాతి పేదలకు వైద్యం చేస్తున్నామని నమ్మించి, చేయకుండా, జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు. నడిపింది అమెరికా ప్రభుత్వ ఆరోగ్య శాఖే. నాజీ డాక్టర్ల విచారణ తర్వాత 1947లో వచ్చిన న్యూరెంబర్గ్ సూత్రాల్లో మొట్టమొదటిది, మనిషి స్వచ్ఛందంగా ఇచ్చే సమ్మతి తప్పనిసరి అన్నది. ఆ సూత్రం రాసిన దేశంలోనే ఇంకో పాతికేళ్ళు ఆ పని సాగింది. టస్కీగీలోనూ మన ఆశ్రమ పాఠశాలల్లోనూ ఎన్నుకున్న మనుషుల్లో పోలిక ఒకటుంది. ఇద్దరూ అడిగే అలవాటు లేనివాళ్ళు. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు, అక్కడ మందు దాచిపెట్టారు, ఇక్కడ మంచి మందే ఇచ్చారు. అయినా పరిశోధకుడు సులువుగా దొరికే మనుషుల దగ్గరికి వెళ్ళడమనే అలవాటు రెండుచోట్లా ఒకటే.

మన దగ్గరే 2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్ల పేద స్త్రీలను హైదరాబాద్ తీసుకెళ్ళి, రొమ్ము క్యాన్సర్ మందును వాళ్ళ మీద పరీక్షించిన సంగతి బయటపడింది. డబ్బు ఇచ్చారు, సంతకాలూ తీసుకున్నారు. ఏ మందు, ఎందుకు అన్నది వాళ్ళకు సరిగా తెలియదు. ఆ పరీక్షలు చేసిన సంస్థ అనుమతిని ఔషధ నియంత్రణ అధికారులు నిలిపేశారు. కూలి దొరకని నెలలో ఎవరైనా చేతిలో డబ్బు పెడతానంటే, దానికి ఇచ్చిన ఒప్పుకోలును స్వేచ్ఛగా ఇచ్చినదని ఎంతవరకు అనగలం?

ఇండోర్‌కు చెందిన స్వాస్థ్య అధికార్ మంచ్ వేసిన పిటిషన్ మీద సుప్రీంకోర్టు ఒత్తిడి తెచ్చాక నిబంధనలు మారాయి. ప్రయోగంలో హాని జరిగితే పరిహారం ఇవ్వాలన్న నియమం 2013 జనవరిలో వచ్చింది. 2019 మార్చిలో కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమావళి వచ్చింది. కొత్త మందుల ప్రయోగాల్లో బలహీన వర్గాల దగ్గర సమ్మతి తీసుకునేటప్పుడు దృశ్యం, శబ్దం రెండూ రికార్డు చేయాలి. హెచ్‌ఐవీ, కుష్ఠు మందులకు మాత్రం గొంతు రికార్డు చేస్తే చాలు, మనిషి ముఖం బయటపడకూడదని. ఈ చిన్న మినహాయింపు రాసినవాళ్ళకు చేతులెత్తి దండం పెట్టాలి. మన ఊళ్ళలో హెచ్‌ఐవీ అన్న మాట ఒక కుటుంబాన్ని ఏం చేస్తుందో తెలిసినవాళ్ళే అలా రాయగలరు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం, తల్లిదండ్రుల సమ్మతితో పాటు ఏడేళ్ళు దాటిన పిల్ల ఒప్పుకోలు కూడా తీసుకోవాలి. పన్నెండు దాటితే రాతపూర్వకంగా. అంటే ఈరోజు అయితే ఆ ఖమ్మం పిల్లలందరినీ విడివిడిగా అడగాలి.

ఇక 2010 నిషేధం తర్వాత జరిగింది వింటే ఎవరైనా ఆశ్చర్యపోతారు.

ఖమ్మం ప్రాజెక్టుతో సంబంధం లేకుండా, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఆధ్వర్యంలో హైదరాబాద్‌తో సహా దేశంలోని తొమ్మిది కేంద్రాల్లో అప్పట్లో మరో అధ్యయనం నడుస్తుండేది. 10 నుంచి 18 ఏళ్ళ అమ్మాయిలకు రెండు డోసులు చాలా, మూడు కావాలా అన్నది దాని ప్రశ్న. భద్రాచలం గొడవతో ప్రభుత్వం దేశంలో హెచ్‌పీవీ టీకా ప్రయోగాలన్నిటినీ ఆపేయడంతో అదీ మధ్యలో ఆగిపోయింది. అప్పటికి టీకా అందిన 17,729 మందిలో కొందరికి మూడు డోసులు పూర్తయ్యాయి, కొందరికి రెండు. సుమారు 5 వేలమందికి ఒకటే పడింది. డాక్టర్ శంకరనారాయణన్, పార్థ బసు, వారి సహచరులు ఆ అమ్మాయిలను వదిలెయ్యలేదు. ఏటా పలకరిస్తూ, పరీక్షిస్తూ పదేళ్ళు వెంట ఉన్నారు. 2021లో ఫలితాలు వచ్చాయి. వదలకుండా పట్టుకునే 16, 18 రకాల ఇన్ఫెక్షన్ నుంచి ఒక్క డోసు ఇచ్చిన రక్షణ 95 శాతం, మూడు డోసులతో సమానం. ఇంకా కొన్ని దేశాల ఆధారాలతో పాటు దీన్ని చూసే 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు చాలునని ఒప్పుకుంది. ఆఫ్రికాలో, ఆసియాలో పేద దేశాలకు దీంతో ఖర్చు బాగా తగ్గుతుంది.

ఈ జ్ఞానం ఎవరూ అనుకుని సంపాదించింది కాదు. నిలిచిపోయిన సూది వల్ల వచ్చింది. రెండు లేదా మూడు డోసులు వేస్తామని మాటిచ్చి ఒకటి వేసి ఆగిపోయిన పిల్లల ఒళ్ళు చెప్పిన సత్యం అది. దాని విలువ చూసి 2010 నిషేధం మంచిదే అయిందనుకోవడానికి లేదు. ఆ తర్వాత పుష్కరకాలం దేశంలో ఈ టీకా అన్న మాటెత్తడానికే చాలా ప్రభుత్వాలు జంకాయి. ఆ సంవత్సరాల్లో టీకా వయసు దాటిపోయిన కోట్ల మంది ఆడపిల్లలకు అది అందలేదు. 2,763 సంతకాలు తొందరగా కానిచ్చినందుకు కట్టిన మూల్యంలో అదీ ఒక భాగం. రెండు రోజులు ఆగి తల్లులను పిలిచి ఉంటే ఎన్ని ప్రాణాలు నిలిచేవో లెక్క కట్టడం ఎవరి వల్లా కాదు.

ఆగి అడిగినచోట ఏమైందో సిక్కిం చూపింది. 2018లో ఆ చిన్న రాష్ట్రం 9 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు ఈ టీకా వేసింది. ముందు టీచర్లతో, డాక్టర్లతో, విలేకరులతో, తల్లిదండ్రులతో మాట్లాడారు. తర్వాతే సూది తీశారు. 90 శాతానికి పైగా పిల్లలు వేయించుకున్నారు. 2022లో పుణె సీరం ఇన్‌స్టిట్యూట్ స్వదేశీ టీకా సర్వావాక్‌కు అనుమతి వచ్చింది. 2024 ఫిబ్రవరి 1 నాటి మధ్యంతర బడ్జెట్ ప్రసంగంలో 9 నుంచి 14 ఏళ్ళ బాలికలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామని ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ప్రకటించారు.

అంటే కాగితం మళ్ళీ బడి సంచుల్లో ఇంటికి వస్తుంది. రావులపాలెంలోనూ వస్తుంది, కూనవరంలోనూ వస్తుంది. టీకా వేయించుకోమని ఎవరినీ బలవంతం చేయకూడదని, ఒంటి మీద హక్కు జీవించే హక్కులో భాగమని 2022 మే 2న కోవిడ్ టీకాల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. టీకాల వల్ల తలెత్తే ఇబ్బందుల సమాచారం జనానికి అందుబాటులో ఉండాలనీ అంది. ప్రజారోగ్యం కోసం ప్రభుత్వం సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చన్న మాటా అదే తీర్పులో ఉంది. చట్టం ఇక్కడిదాకా వచ్చింది. మిగిలింది ఆ కాగితం ఏ భాషలో ఉంటుంది, ఎవరు చదివి వినిపిస్తారు, అడిగినదానికి జవాబు చెప్పే ఓపిక ఎవరికుంటుంది అన్నది.

అందులో తప్పకుండా ఉండాల్సిన ఒక మాట ఉంది. టీకా వేయించుకున్నా క్యాన్సర్ పరీక్ష మానకూడదు. టీకా అడ్డుకోని వైరస్ రకాలు ఇంకా ఉన్నాయి. 30 ఏళ్ళు దాటిన స్త్రీలకు ప్రభుత్వం సూచించే పరీక్ష చాలా తేలికైనది. వెనిగర్‌లో ఉండే ఆమ్లాన్నే పల్చగా చేసి, దూదితో గర్భాశయ ముఖద్వారానికి రాస్తారు. ఒక నిమిషం ఆగి దీపం వెలుతురులో చూస్తారు. తేడా ఉన్న చోటు తెల్లబారుతుంది. ఖర్చు లేదు, మత్తు లేదు, పెద్దాసుపత్రికి పోనక్కర్లేదు.

2009లో భద్రాచలం హాస్టళ్ళలో వరసలో నిలబడ్డ పిల్లలు ఇప్పుడు ముప్ఫై చుట్టుపక్కల ఉన్నారు. చాలామంది తల్లులయ్యారు. కొందరి కూతుళ్ళు టీకా వయసుకు దగ్గరపడుతున్నారు. ఆరోగ్య కార్యకర్త (ఏఎన్ఎం) వాళ్ళ గుమ్మం ముందుకు రెండు పనుల మీద వెళ్ళాలి, తల్లికి పరీక్ష, కూతురికి టీకా. ఆ రోజు మీకు వేసిన సూది ఏమిటో తెలుసా అని ఆ తల్లిని ముందుగా అడిగి, కోయలో ఒక పావుగంట మాట్లాడితే, ఆ సంభాషణ ఇన్నేళ్ళు ఆలస్యంగానైనా మొదలవుతుంది. ఈసారి రెండు కాగితాల మీదా సంతకం ఆమెదే.